పైపు ఫ్యాను మోత, దాని వేగం: పర్లాకిమిడి ప్రసంగ పాఠం

(పర్లాకిమిడిలో కరెంటు పనివాళ్ళు, పుట్టగొడుగులు పెంచేవాళ్ళు కూడిన చోట ఒక మోటారు వైండింగు మేస్త్రీ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంది.)

వెనక నిలబడ్డవాళ్ళు కొంచెం ముందుకు రండి. కుర్చీలు చాలకపోతే ఈ చాప మీద కూర్చోండి, ఎందుకంటే ఇవాళ చూసేదానికంటే వినేదే ఎక్కువ. అప్పా, ఆ సీలింగు ఫ్యాను కాసేపు కట్టెయ్యండి. ఉక్కపోస్తుందని తెలుసు, అయిదు నిమిషాలే.

ఇప్పుడు ఈ బల్ల మీదున్న పైపు ఫ్యాను వేస్తున్నాను. ఎవరూ మాట్లాడకండి, వినండి. విన్నారు కదా. ఇప్పుడు స్విచ్చి కట్టేస్తున్నాను. కట్టేసినా చక్రం వెంటనే ఆగదు, ఇంకా తిరుగుతూనే ఉంది, చూడండి. స్విచ్చి కట్టిన క్షణంలో ఏ మోత పోయింది? ఏ మోత మిగిలింది? ఆఁ, ముందు వరసలో బాబు సరిగ్గా చెప్పాడు. గుయ్‌మనే మోత టక్కున పోయింది. ఉస్సుమనే మోత మిగిలి, చక్రంతో పాటు మెల్లగా తగ్గింది.

ఇదొక్కటి గుర్తు పెట్టుకొని ఇంటికెళ్ళినా మీరు వచ్చిన పని అయినట్టే. స్విచ్చి కట్టగానే పోయే మోత కరెంటుది. మోటారుదో, రెగ్యులేటరుదో అయ్యుంటుంది. స్విచ్చి కట్టాక కూడా చక్రంతో పాటు సాగే మోత గాలిదో, బేరింగుదో, చక్రం సమంగా తిరగకపోవడందో అయ్యుంటుంది. మనలో చాలామంది ఏం చేస్తున్నాం? ఏ మోతో చూడకుండా ముందు రెగ్యులేటరు కొంటున్నాం. నేనూ అదే చేశాను, ఆ సంగతి చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

మాటల సంగతి ఒకటి ముందే చెప్పేస్తాను. డబ్బా మీద ఇన్‌లైన్ డక్ట్ ఫ్యాన్ అని ఉంటుంది, నేను పైపు ఫ్యాను అంటాను. కెపాసిటరుని కండెన్సరు అంటాను, మన షాపుల్లో అందరం అదే అంటాం కదా. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊరిది. జనం నోట్లో ఉన్న మాటే రాతలోనూ ఉండాలని పోట్లాడిన మనిషి, సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకొని నిఘంటువు కట్టిన మనిషి. ఆయన తిరిగిన వీధుల్లో మన పనిముట్లని మన మాటల్లో చెప్పుకోవడమే న్యాయం అనిపిస్తుంది నాకు.

సరే, సంగతికొస్తాను. మహేంద్రతనయ ఏటికి అవతల ఒక ఊళ్ళో ఒక వదినగారు పెరటి గదిలో ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచుతున్నారు, మన ఒడియా వాళ్ళు ఢింగ్రీ ఛతు అంటారు, అవే. గది 12 అడుగుల పొడవు, 10 వెడల్పు, 9 ఎత్తు. ఈ పుట్టగొడుగుకి తాజా గాలి కావాలి. సంచుల్లోంచి బొగ్గుపులుసు గాలి వస్తూ ఉంటుంది, అది గదిలో పేరుకుపోతే కాడలు సాగిపోతాయి, గొడుగులు చిన్నగా ఉండిపోతాయి, బజారుకి పట్టికెళ్తే ఎవరూ తీసుకోరు. అందుకని నాలుగు అంగుళాల పైపు ఫ్యాను ఒకటి పెట్టించుకున్నారు. పెట్టింది నేనే. పై రేకుకి క్లాంపు వేసి బోల్టులు బిగించాను, మెలికల గొట్టం రెండు మలుపులు తిప్పి గోడలోంచి బయటికి తీశాను, దోమలు, పురుగులు రాకుండా గొట్టం మూతికి వల కట్టాను. పని శుభ్రంగా చేశాననే అనుకున్నాను.

పక్కింటి పెద్దమ్మ మంచం సరిగ్గా ఆ గోడకి అవతలే ఉంది. నాలుగో రోజు ఆవిడ నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది, "నాయనా, రాత్రంతా తల దగ్గర తుమ్మెద తిరుగుతున్నట్టుంది, నిద్ర లేదు." పోట్లాడలేదు, తిట్టలేదు, అంతే అంది. నాకు చాలా బాధేసింది. వెంటనే ఏం చేశాను? బల్బు వెలుతురు తగ్గించే డిమ్మరు ఒకటి తెచ్చి ఫ్యానుకి తగిలించి సగానికి దించాను. ఉస్సుమనేది తగ్గింది. కానీ కొత్తగా గుయ్‌మని ఒకటి మొదలైంది, అది గోడలోంచి మంచంలోకి దిగినట్టుగా వినిపించేది.

ఇంకో పది రోజులకి ఒక సాయంత్రం కరెంటు పోయింది, వచ్చింది. డిమ్మరు తక్కువలో పెట్టి ఉంది, ఆ పూట వోల్టేజీ కూడా తక్కువ. ఫ్యాను కదలడానికి చాలినంత బలం అందలేదు. కదలలేదు, కానీ కరెంటు లాగుతూనే ఉంది. కదలని మోటారుకి చల్లగాలి ఎక్కడిది? వేడెక్కి లోపలి థర్మల్ ఫ్యూజు పోయింది. రాత్రి నిశ్శబ్దంగా ఉందని పెద్దమ్మ పడుకుంది. రెండు రోజుల తర్వాత వదినగారు నాకు ఫోను చేశారు, కాడలన్నీ వేలెడు పొడుగు, మీద చొక్కా బొత్తాలంత గొడుగులు. ఒక్క విడత పంట పోయింది. తప్పు ఫ్యానుది కాదు, డిమ్మరుది కూడా కాదు, నాదే.

ముందు గాలి దారి

ఆ తర్వాత నేను చేసిన పని అదే గదిలో చేసిన వరసలోనే చెబుతాను, ఎందుకంటే ఆ వరసే ముఖ్యం. రెగ్యులేటరు ఆఖరున వస్తుంది.

మొట్టమొదటి ప్రశ్న, ఎంత గాలి కావాలి? ఇది అడక్కుండా ఫ్యాను కొనేవాళ్ళే ఎక్కువ. గది 12 పది తొమ్మిది, అంటే 1080 ఘనపుటడుగులు. గంటకి ఆరుసార్లు గాలి మారాలని మేం అనుకున్నాం. 1080ని ఆరుతో గుణిస్తే 6480, దాన్ని 60 నిమిషాలకి పంచితే నిమిషానికి 108 ఘనపుటడుగులు. డబ్బా మీద సీఎఫ్ఎం అని రాసేది ఈ అంకే. కానీ డబ్బా మీదది ఫ్యానుకి గొట్టం, మలుపు, వల ఏమీ లేనప్పుడు వచ్చే గాలి. గొట్టం తగిలిస్తే తగ్గుతుంది. ఎంత తగ్గుతుందనేది మనం వేసిన దారిని బట్టి ఉంటుంది.

ఇప్పుడు ఆ 108ని నాలుగు అంగుళాల గొట్టంలోంచి తోయాలంటే గాలి సెకనుకి ఆరు మీటర్ల పైన పరిగెత్తాలి. అదే గాలిని ఆరు అంగుళాల గొట్టంలోంచి పంపితే? మూడు మీటర్ల లోపే. గొట్టం వెడల్పు ఒకటిన్నర రెట్లే పెరిగింది, దారి మాత్రం రెండుంపావు రెట్లు పెరిగింది. గాలి సుడులు తిరిగే మోత వేగంతో పాటు ఒకటికి ఒకటి పెరగదు, వేగం కొంచెం పెరిగితే మోత చాలా పెరుగుతుంది. గొట్టం మార్చినందుకే ఆ ఉస్సుమనేది 15 డెసిబెల్స్ దాకా దిగుతుందని లెక్క. మన చెవికి 10 డెసిబెల్స్ తగ్గితే మోత సగమైనట్టు అనిపిస్తుంది. అంటే ఇక్కడ పైసా కరెంటు పరికరం పెట్టకుండా సగం కన్నా ఎక్కువ పోయింది.

అన్నా, మీరు అడగబోయేది నాకు తెలుసు, ఆరు అంగుళాల ఫ్యాను ఖరీదెక్కువ కదా అని. అవును, ఎక్కువే. కానీ ఒక సంగతి వినండి. పెద్ద ఫ్యానుని మెల్లగా తిప్పడం, చిన్న ఫ్యానుని గట్టిగా తిప్పడం ఒకటి కాదు. ఫ్యాను వేగం సగం చేస్తే గాలి సగమవుతుంది, తోసే బలం నాలుగో వంతు అవుతుంది, చక్రం తినే శక్తి ఎనిమిదో వంతుకి పడిపోతుంది, మోత 15 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. అయిదింట ఒక వంతు మాత్రమే తగ్గించినా, అంటే 80 పాళ్ళ వేగంలో తిప్పినా, 5 డెసిబెల్స్ పోతాయి, చక్రం తినే శక్తి దాదాపు సగమవుతుంది. చిన్న ఫ్యానుకి తగ్గించడానికి చోటే లేదు, తగ్గిస్తే గాలి చాలదు. పెద్దదానికి చోటుంది. మోత లేకుండా కావాలంటే చోటున్న ఫ్యానే కొనాలి, ఇందులో నాకు రెండో మాట లేదు.

గొట్టం సంగతి. మెలికల అల్యూమినియం గొట్టాన్ని కొంచెం పొడుగ్గా ఉంటే మంచిదని వదులుగా వదిలేస్తాం. వదిలిన ప్రతి ముడతా లోపల ఒక గట్టు, గాలి దాన్ని గీసుకుంటూ పోతుంది. పూర్తిగా లాగి, మిగిలింది కోసెయ్యండి. మలుపు తప్పకపోతే ఒక్కటి ఉంచండి, అదీ వెడల్పుగా తిప్పండి. ఇంకొకటి, ఇది చాలామందికి తెలీదు, ఫ్యాను గాలి పీల్చే వైపు మూతి దగ్గరే మలుపు పెట్టకూడదు. వంకరగా వచ్చిన గాలి రెక్కల మీద ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ పడుతుంది, అప్పుడు రెక్క రెక్కకీ దెబ్బ వేరేగా తగిలి గరగరమంటుంది. పీల్చే వైపు గొట్టం వెడల్పుకి నాలుగైదు రెట్లు తిన్నగా ఉండాలి. ఆరు అంగుళాలదైతే రెండు, రెండున్నర అడుగులు. నేను మొదటిసారి పెట్టినప్పుడు మలుపు సరిగ్గా అక్కడే పెట్టాను.

తర్వాత వల. పుట్టగొడుగుల గదికి వల లేకుండా కుదరదు, ఈగ దూరిందంటే పంట పాడవుతుంది. కానీ నాలుగు అంగుళాల మూతికి నాలుగు అంగుళాల వల కడితే వారంలో దుమ్ము పట్టి మూసుకుపోతుంది, ఫ్యాను ఊపిరాడని మనిషిలా అరుస్తుంది. మేం ఏం చేశామంటే, చెక్కతో ఒక పెట్టె చేసి, ముందు 18 అంగుళాల చదరం వల బిగించి, వెనక ఆరు అంగుళాల గొట్టం తగిలించాం. గొట్టం నోరు 28 చదరపు అంగుళాలుంటే వల 324 ఉంది. వల దగ్గర గాలి నడుస్తుంది, పరిగెత్తదు. వదినగారు వారానికోసారి బ్రష్షుతో దులుపుతారు, అంతే.

ఇక వేలాడదియ్యడం. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే పెద్దమ్మ తల దగ్గర తిరిగిన తుమ్మెద సగం ఇక్కడే ఉంది. రేకుకి బోల్టు వేసి బిగిస్తే ఏమవుతుంది? ఫ్యాను వణుకు చిన్నదే, చేత్తో ముట్టుకుంటే తప్ప తెలీదు. కానీ రేకు ఎంత పెద్దది? ఆ వణుకుని రేకు మొత్తం పట్టుకొని డప్పులా మోగుతుంది. డప్పు కొట్టే కర్ర చప్పుడు చెయ్యదు, చర్మం చేస్తుంది కదా. అలాగే.

మేం పాత సైకిల్ ట్యూబు తెచ్చి, వాల్వు దగ్గర కోసి, రెండు ఉచ్చులు చేశాం. ఫ్యాను ముందు భాగం ఒక ఉచ్చులో, వెనక భాగం ఒక ఉచ్చులో. ఉచ్చులు దూలానికి కట్టాం, రేకుకి కాదు. ఫ్యాను బరువుకి ట్యూబు కొంచెం సాగాలి, సాగితేనే అది వణుకుని మింగుతుంది. బిర్రుగా కడితే ఇనప క్లాంపు లాగే ఉంటుంది. ట్యూబు రెండేళ్ళకి చీకిపోతుంది కాబట్టి, దాని పక్కనే ఇనప తీగ ఒకటి వదులుగా కట్టి ఉంచాలి, ట్యూబు తెగినా ఫ్యాను ఎవరి తల మీదా పడకూడదు. ఫ్యానుకి, గొట్టానికి మధ్య కూడా ఆరు అంగుళాల టార్పాలిన్ గుడ్డ తొడుగు వేసి క్లిప్పులు బిగించాం, గొట్టం ద్వారా వణుకు గోడకి చేరకుండా. గోడ కన్నంలో గొట్టం సిమెంటుతో పూడ్చకుండా చుట్టూ స్పాంజి కుక్కాం.

ఇదంతా అయ్యాక, ఇంకా రెగ్యులేటరు లేకుండానే, పెద్దమ్మ గదిలో మంచం మీద కూర్చుని విన్నాను. గోడకి చెవి ఆనిస్తేనే వినిపిస్తోంది.

బేరింగు గురించి రెండు మాటలు. పొడుగు స్క్రూడ్రైవరు మొన మోటారు ఒంటి మీద పెట్టి, పిడి చెవి కింద ఎముకకి ఆనించండి. నూనె అయిపోయిన బేరింగు ఇసక నలిగినట్టు వినిపిస్తుంది. మన దగ్గరకొచ్చే వాటిలో 608 సైజు తరచుగా కనిపిస్తుంది, లోపల 8, బయట 22, మందం 7 మిల్లీమీటర్లు. పాడైనదాన్ని మార్చడమే మందు. చక్రం రెక్కలకి పట్టిన బూజు, జిడ్డు ఒక పక్క ఎక్కువగా ఉంటే తిరిగేటప్పుడు ఎగురుతుంది, శుభ్రం చేస్తే సగం సార్లు అదే పోతుంది. శుభ్రం చేసేముందు కరెంటు తీసెయ్యాలి, రెక్కల మీద అంటించిన చిన్న ఇనప క్లిప్పులు ఉంటే వాటిని పీకకూడదు, అవి కంపెనీ వాళ్ళు సమం చెయ్యడానికి పెట్టినవి.

ఆఖరున రెగ్యులేటరు

ఇప్పుడు మీరంతా ఎదురుచూస్తున్న చోటికొచ్చాం. రెగ్యులేటరు ఏది కొనాలి? దానికి ముందు ప్రశ్న, మీ ఫ్యానులో ఉన్న మోటారు ఏది?

డబ్బా తిప్పి చూడండి. చిన్న బాత్రూము ఫ్యానుల్లో కండెన్సరు ఉండదు, స్టాంపింగు, అంటే మోటారు ఇనప పలకల దొంతర, దాని మూల మీద రాగి కడియం ఉంటుంది. అది రెగ్యులేటరుతో పెద్దగా గొడవ పడదు. పైపు ఫ్యానుల్లో ఎక్కువ భాగం కండెన్సరు మోటార్లు. వీటితోనే జాగ్రత్త. మూడో రకం ఈసీ, బీఎల్‌డీసీ అని రాసి ఉంటుంది, వాటి సంగతి చివర చెబుతాను.

మన ఇంటి కరెంటు 230 వోల్టులు, సెకనుకి 50 అలలు. అల మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది, సముద్రం అల లాగా. బల్బు డిమ్మరు ఏం చేస్తుందంటే ఆ అల మొదటి భాగం కోసేసి, మధ్యలోంచి ఒక్కసారిగా వదులుతుంది. పైకి లేచే అలకి ఒకసారి, కిందికి దిగే అలకి ఒకసారి, సెకనుకి వందసార్లు. బల్బుకి అది పట్టదు, లోపల వేడిగా ఉన్న తీగ కదా. మోటారు లోపల ఇనప పలకలు, రాగి తీగలు ఉన్నాయి. సెకనుకి వందసార్లు దెబ్బ తింటే అవి వణకవా? గుయ్‌మనేది అదే. రెగ్యులేటరుని ఫుల్లులో పెడితే ఆ మోత పోయి, మధ్యలో పెడితే వస్తోందంటే ఇక అనుమానం అక్కర్లేదు, కోసిన అల మోతే అది. మోటారు వేడి కూడా పెరుగుతుంది. ఫ్యాను కోసమే చేసిన ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు దీనికంటే నయం, కానీ ఆ కోత మాత్రం అందులోనూ ఉంటుంది.

తమ్ముడు అడుగుతున్నాడు, సీలింగు ఫ్యానుకి వాడే స్టెప్ రెగ్యులేటరు పెట్టొచ్చా అని. మంచి ప్రశ్న. దాని లోపల కండెన్సర్లు ఉంటాయి, అల కోయవు, అందుకే సీలింగు ఫ్యాను గుయ్‌మనదు. కానీ ఆ కండెన్సర్ల విలువ 70, 75 వాట్ల సీలింగు ఫ్యానుకి సరిపడా పెట్టినది. నీ పైపు ఫ్యాను 30 వాట్లదైతే ఒకటో నంబరులో పెట్టినా వేగం సరిగ్గా దిగదు, 150 వాట్లదైతే రెగ్యులేటరే కాలిపోవచ్చు. పైగా కండెన్సరు, మోటారు చుట్ట వరసలో కలిస్తే కొన్ని విలువల దగ్గర మోటారు మీద వోల్టేజీ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. మీటరు పెట్టి చూడకుండా వాడొద్దు. మన తాతల నాటి ఇనప డబ్బా రెగ్యులేటరు, లోపల తీగ చుట్ట ఉండేది, అది వేడెక్కి కరెంటు తినేది కానీ అలని ముట్టుకునేది కాదు. మోత విషయంలో అదే నయం. కాకపోతే చిన్న మోటారు దగ్గర దాని తీగ కూడా చాలదు, వేగం కొంచెమే తగ్గుతుంది.

నేను నమ్మేది ఆటో ట్రాన్స్‌ఫార్మరుని. ఒక్క చుట్ట, మధ్యలో అక్కడక్కడ తీసిన కొసలు. 230 ఇస్తే ఒక కొస మీద 190, ఒకదాని మీద 160, ఇంకోదాని మీద 130, 110. అల ఆకారం మారదు, ఎత్తు మాత్రం తగ్గుతుంది. మోటారు పాట మారదు, గొంతు తగ్గుతుంది. 60 వాట్ల ఫ్యానుకి 100 వీఏ చుట్ట (వీఏ అంటే వోల్టు ఆంపియర్లు, చుట్ట మోయగలిగే లెక్క) ధారాళంగా సరిపోతుంది, ఏ వైండింగు షాపులోనైనా చుట్టిస్తారు. దాని ఇనప పలకలు వదులుగా ఉంటే అదే మోగుతుంది, అందుకని వార్నిష్‌లో ముంచి ఆరబెట్టమనండి. ముందు ఫ్యూజు వెయ్యాలి. ఇది ఇంటి కరెంటు నుంచి మనిషిని వేరు చెయ్యదు, 110 కొసని ముట్టుకున్నా షాకు షాకే, ఆ మాట మరిచిపోవద్దు. ఫ్యాను ఒళ్ళు ఇనపదైతే ఎర్తు తప్పనిసరి, పుట్టగొడుగుల గదిలో ఎప్పుడూ తడే కదా.

ఏ కొస పెట్టాలి? ఇక్కడే నేను మొదటిసారి దెబ్బ తిన్నాను. పగలు 230 ఉన్నప్పుడు 110 కొస మీద ఫ్యాను బాగానే తిరుగుతుంది. సాయంత్రం లైను 180కి దిగితే అదే కొస మీద 86 వోల్టులే. మోటారు బలం వోల్టేజీ సగమైతే నాలుగో వంతు అవుతుంది, సగం కాదు. ఆగి ఉన్న ఫ్యాను లేవదు. అందుకని సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య, ఊళ్ళో అందరూ మోటార్లు, టీవీలు వేసుకున్నప్పుడు, ఫ్యానుని పూర్తిగా ఆపి, ఆ కొస మీద మళ్ళీ వెయ్యండి. తనంతట తాను లేచి తిరిగితే ఆ కొస ఉంచండి. తడబడితే ఒక మెట్టు పైకి పొండి. కరెంటు పోయి వచ్చినప్పుడు పక్కన మీరుండరు, ఫ్యాను ఒక్కటే ఉంటుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. అర్ధరాత్రి అందరూ కట్టేశాక లైను 240, 250 దాకా లేస్తుంది. అప్పుడు ఫ్యాను పగటికంటే గట్టిగా తిరుగుతుంది, అదే సమయానికి ఊరంతా సద్దుమణుగుతుంది. పెద్దమ్మ రాత్రే ఎందుకు విన్నది, పగలు నాకెందుకు వినపడలేదు? రెండు కారణాలూ ఇవే. కాబట్టి మోత తూచాలంటే రాత్రి పన్నెండుకి వెళ్ళి కూర్చోవాలి. మన చట్టంలో కూడా, 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లో, ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా 45 డెసిబెల్స్ అని వేరే వేరేగా పెట్టారు. ఫోనులో యాప్ పెట్టి చూసేవాళ్ళు ఆ అంకెని నమ్మొద్దు, ముందు ఎంత, తర్వాత ఎంత అనే తేడా మాత్రం చూడండి.

ఇంకో చిన్న సంగతి. వేగం దించుకుంటూ వస్తుంటే ఒక చోట ఫ్యాను ఉన్నట్టుండి పాడినట్టు మోగుతుంది, ఇంకొంచెం దించితే పోతుంది. ఏడు రెక్కల చక్రం నిమిషానికి 2400 తిరిగితే సెకనుకి 40 చుట్లు, రెక్కలు గాలిని కొట్టేది 280 సార్లు. గొట్టమో, పెట్టె పలకో అదే లెక్కకి ఊగేదైతే అందుకుంటుంది. ఆ వేగం మీద ఆపొద్దు, పైన గానీ కింద గానీ పెట్టండి.

టైమరు పెట్టి పావుగంట వేసి పావుగంట ఆపుదామా అని కొందరు అడిగారు. పెరట్లో దూరంగా ఉంటే పెట్టుకోండి. మంచం పక్కన మాత్రం వద్దు. ఆగకుండా సాగే సన్న మోతని చెవి మరిచిపోతుంది, ఆగి మొదలయ్యేదాన్ని మరిచిపోదు, ప్రతిసారీ మెలకువ వస్తుంది. అంతకంటే తక్కువ వేగంలో రాత్రంతా తిప్పడమే మేలు.

ఈసీ మోటారు సంగతి. ఇందులో చక్రంలో అయస్కాంతం, లోపలే ఎలక్ట్రానిక్ పలక ఉంటుంది. దీనికి 230 ఎప్పుడూ పూర్తిగా ఇవ్వాలి. వేగానికి సన్న తీగలు రెండు, మూడు వేరేగా ఉంటాయి, వాటికి సున్నా నుంచి 10 వోల్టులు ఇస్తే, లేదా చిన్న వాల్యూము నాబ్ లాంటిది పెడితే, వేగం మారుతుంది. దీని ముందు డిమ్మరు గానీ, స్టెప్ రెగ్యులేటరు గానీ పెడితే లోపలి పలక పోవచ్చు, ఆ పలక విడిగా దొరకడం కష్టం. ఖరీదు ఎక్కువ, కానీ మెల్లగా తిప్పినప్పుడు ఇది చాలా తక్కువ కరెంటు తింటుంది. మన కండెన్సరు మోటారు అలా కాదు, మెల్లగా తిరిగేటప్పుడు చక్రం తినేది తగ్గినా, రోటరులో, అంటే మోటారులో తిరిగే భాగంలో, కొంత వేడిగా పోతుంది. రాత్రీ పగలూ తిప్పేవాళ్ళు, చేతిలో డబ్బులుంటే, ఈసీ తీసుకోండి. మూడు ఫేజుల మోటారుకి వేగం మార్చడానికి వాడే డ్రైవు తెచ్చి కండెన్సరు మోటారుకి మాత్రం తగిలించకండి, అడిగేవాళ్ళు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

ఆ గది సంగతి పూర్తి చేస్తాను. ఆరు అంగుళాల ఫ్యాను, తిన్న గొట్టం, వల పెట్టె, సైకిల్ ట్యూబు, ఆటో ట్రాన్స్‌ఫార్మరు మీద పగలు 190 కొస, రాత్రి 130. కొస మార్చడానికి గుమ్మం పక్కన ఒక స్విచ్చి. వదినగారు రాత్రి పడుకోబోయే ముందు దాన్ని టక్కున తిప్పుతారు. గొడుగులు అరచేతంత వస్తున్నాయి. పెద్దమ్మ మంచం చోటు మార్చలేదు. మొన్న వెళ్ళి రాత్రి ఆవిడ అరుగు మీద కూర్చున్నాను, కీచురాళ్ళ చప్పుడే ఎక్కువగా వినిపించింది. పోయిన పంట డబ్బులు ఇస్తానంటే వదినగారు తీసుకోలేదు. ట్రాన్స్‌ఫార్మరు నేనే చుట్టి ఇచ్చాను, దానికి నేను డబ్బులు తీసుకోలేదు.

ఇప్పుడు ఆ సీలింగు ఫ్యాను వెయ్యండి అప్పా, అందరికీ చెమటలు పట్టేశాయి. బల్ల మీద మూడు పెట్టాను, డిమ్మరుతో ఒకటి, ట్రాన్స్‌ఫార్మరుతో ఒకటి, ఈసీ ఒకటి. మూడూ ఒకే వేగంలో తిరుగుతున్నాయి. నలుగురు నలుగురుగా రండి, ముందు కళ్ళు మూసుకొని వినండి, తర్వాత వేలు పెట్టి ఒంటి వణుకు చూడండి, ఆ తర్వాత మీ చేత్తో స్విచ్చి కట్టి ఏ మోత ముందు పోతోందో నాకు చెప్పండి.